పాతిక ప్లేట్ల లెక్క: తిరుపతి లాడ్జీలు, హోటళ్ల యజమానులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన యజమానులందరికీ నమస్కారం.

తిరుపతి బస్టాండుకు నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఒక లాడ్జి కౌంటర్‌లో నేను పంతొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. ఆధార్ కార్డు చూసి రిజిస్టర్‌లో రాసుకోవడం, తాళాలు ఇవ్వడం, వేడినీళ్లు రావడం లేదని ఫోన్ వస్తే బాయ్‌ని పైకి పంపడం నా పని. మీలో కొందరు ముఖం చూస్తే నన్ను గుర్తుపడతారు కూడా. ఈ లేఖలో ఎవరి పేరూ రాయను. మిమ్మల్ని అడిగేది ఒక్కటే. మన దగ్గర రూమ్ తీసుకున్న కుటుంబం పూటపూటకీ భయపడకుండా కడుపునిండా తినగలగాలి. అది మన చేతుల్లోనే ఉంది.

పంతొమ్మిదేళ్లు కౌంటర్‌కి ఇవతల కూర్చున్న నాకు ఈ సంగతి పూర్తిగా అర్థమయింది పోయిన వేసవిలో, నేను కౌంటర్‌కి అవతల నిలబడినప్పుడు.

పిల్లలు రెండేళ్లుగా అడుగుతుంటే బెంగళూరు వైపు ఉన్న ఒక థీమ్ పార్కుకి బయల్దేరాం. నేను, నా భార్య, మా అమ్మ, పదకొండేళ్ల కూతురు, ఆరేళ్ల కొడుకు. అమ్మకి 72 ఏళ్లు, షుగర్ ఉంది. పొద్దున్నే గేటు తీసేసరికి లోపల ఉండాలి కాబట్టి పార్కు దగ్గరలోనే ఒక హోటల్‌లో రెండు రాత్రులకు రూమ్ బుక్ చేశాను. అద్దె రోజుకి 2,800. టికెట్లు, బస్సు ఛార్జీలు, రూమ్ అన్నీ ఆరు నెలల ముందు నుంచే లెక్క వేసుకుని డబ్బు పక్కన పెట్టాను. తిండికి మాత్రం లెక్క వేయలేదు. తిండికెంత అవుతుందిలే అనుకున్నాను. మనూళ్లో ఉండేవాళ్లందరిలాగే.

చేరేసరికి సాయంత్రం ఏడయింది. చుట్టుపక్కల హైవే తప్ప ఏమీ లేదు. పిల్లలు అలిసిపోయారు, అమ్మ మాత్ర వేసుకునే టైమయింది. కింద ఉన్న రెస్టారెంట్‌లోనే కూర్చున్నాం. మెనూ కార్డు తెరిచాక నా కళ్లు కుడిపక్క అంకెల మీద నుంచి ఎడమపక్కకి రాలేదు. పెరుగన్నం 190. ఒక్క రోటీ 55. పిల్లాడు అడిగిన నూడుల్స్ 280. టేబుల్ మీద అడగకుండానే పెట్టిన నీళ్ల బాటిల్, పైన 20 అని అచ్చు వేసి ఉన్నది, బిల్లులో 50.

సర్వర్ నా వైపు తిరిగి "సార్, మీకు?" అన్నాడు.

"నాకు ఆకలిగా లేదు" అన్నాను.

"బస్సులో ఆకలేస్తోంది అన్నావు కదా నాన్నా" అంది మా అమ్మాయి.

బిల్లు వచ్చింది. తిన్నదానికి 2,140, సర్వీస్ ఛార్జి పది శాతం అంటూ 214, రెండింటి మీదా ఐదు శాతం జీఎస్టీ. మొత్తం 2,472 రూపాయలు. ఆ రాత్రి పడుకున్న మంచానికీ, తిన్న నాలుగు ప్లేట్లకీ దాదాపు ఒకటే ధర. రూమ్‌తో పాటు టిఫిన్ ఉంటుందని బుకింగ్‌లో రాసి ఉంటే సంతోషించాను. అది ఇద్దరికేనట. మిగతా ముగ్గురికీ తలా 250, ఆరేళ్లవాడితో సహా. ఐదేళ్లు దాటితే పెద్దవాళ్ల లెక్కే అన్నారు. వాడు తిన్నది ఒక ఇడ్లీ, సగం అరటిపండు.

పార్కు గేటు దగ్గర మా సంచులు తెరిచి చూశారు. అమ్మ ఇంటి దగ్గర బయల్దేరేముందే కట్టి తెచ్చిన పులిహోర, చెనిక్కాయల పొడి డబ్బా బయట పెట్టించారు. బయటి తిండి లోపలికి తీసుకుపోకూడదన్నది చాలా పార్కుల్లో ఉన్న నిబంధనే. టికెట్ వెనక రాసే ఉంది, చదవకపోవడం నా పొరపాటు. చిన్నబిడ్డల ఆహారం, డాక్టర్ రాసిచ్చిన ఆహారం లోపలికి పంపే పార్కులు ఉన్నాయని తర్వాత తెలిసింది. ముందే తెలిసుంటే అమ్మ షుగర్ కాగితాలు పెట్టుకుని వెళ్లేవాణ్ణి. ఒంటిగంటకి తినాల్సిన మనిషి లైన్‌లో నిలబడి రెండున్నరకి తింది. "నాకేం కాలేదులే నాయనా" అంటూనే ఉంది. చేతులు వణుకుతుంటే నేను చూడలేదనుకుంది.

ఆ సాయంత్రం ఒక ఆటో ఆయన మా ముఖాలు చూసి, కిలోమీటరు అవతల హైవే పక్కన ఒక మెస్ ఉంది వెళ్లండి అని చెప్పాడు. దాన్ని నడిపే భార్యాభర్తలిద్దరూ మదనపల్లె వైపు వాళ్లే. రేకుల షెడ్డు, నాలుగు బల్లలు. గోడ మీద సుద్దతో ధరలు రాసి ఉన్నాయి. మా పిల్లాణ్ణి చూసి ఆమే "వీడికి హాఫ్ చాలు" అంది. అమ్మకి రాగి సంగటి, పప్పు పెట్టింది. కూర మళ్లీ వేసింది, దానికి డబ్బులు వేయలేదు. ఐదుగురం తిన్నాం, నేను కూడా తిన్నాను, 420 రూపాయలు. మర్నాడు టిఫిన్‌కి కూడా అక్కడికే వెళ్లాం.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మొదటి రాత్రి నా నోటి నుంచి వచ్చిన "ఆకలిగా లేదు" అన్న మాట నాకు కొత్తది కాదు. మా లాడ్జి కింద హోటల్‌లో, కౌంటర్ నుంచి పది అడుగుల దూరంలో, ఆ మాట నేను వందలసార్లు విన్నాను. శ్రీకాకుళం నుంచి రైలు దిగి వచ్చినవాళ్లు, ఆదిలాబాద్ నుంచి బస్సుల్లో వచ్చినవాళ్లు, తమిళనాడు నుంచి మొక్కు తీర్చుకోవడానికి వచ్చినవాళ్లు. తండ్రి మెనూ కార్డు చూస్తాడు. పిల్లలకి రెండు ప్లేట్లు చెప్తాడు. "మాకు ఆకలిగా లేదు, మీరు తినండమ్మా" అంటాడు. తల్లి పిల్లలు వదిలేసిన దోసె ముక్క తింటుంది. ప్రయాణంలో కడుపు బాగుండదు, అందుకే తినడం లేదేమో అనుకునేవాణ్ణి. నిజంగా అలాగే అనుకున్నాను ఇన్నేళ్లూ.

థీమ్ పార్కు పక్కన ఉన్న హోటల్‌కి ఒక ధైర్యం ఉంది. అక్కడికి వచ్చిన కుటుంబానికి వేరే దారి లేదు. చుట్టూ దుకాణం లేదు, రాత్రివేళ పిల్లల్ని తీసుకుని హైవే దాటలేరు. తిరుపతిలో అలా కాదు, అడుగుకో హోటల్ ఉంది అని మీరనవచ్చు. ఉంది. కానీ మన దగ్గరికి వచ్చే కుటుంబాన్ని కట్టిపడేసేవి వేరే ఉన్నాయి. దర్శనం టైము, అలసట, ఊరు కొత్త కావడం. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి, దర్శనం చేసుకుని, బస్సులో కిందికి దిగి, కాళ్లు ఈడ్చుకుంటూ వచ్చిన మనిషి నాలుగు హోటళ్లు తిరిగి ధరలు పోల్చి చూడడు. రూమ్ కింద ఏది ఉంటే అందులో కూర్చుంటాడు. ఆ నమ్మకంతో కూర్చున్నవాణ్ణి మనం ఎలా చూస్తున్నామన్నదే నా బాధ.

లెక్క చూడండి. సర్వదర్శనం టోకెన్ల కోసం శ్రీనివాసం దగ్గరో, విష్ణు నివాసం దగ్గరో, అలిపిరి భూదేవి కాంప్లెక్స్‌లోనో నిలబడతారు. టోకెన్ మీద ఏ టైము పడితే ఆ టైముకే వెళ్లాలి. మర్నాటి సాయంత్రానికి పడిందంటే ఆ కుటుంబం కిందే రోజు గడపాలి. వచ్చిన రాత్రి భోజనం, పొద్దున టిఫిన్, మధ్యాహ్నం మీల్స్, కొండ దిగి వచ్చాక మళ్లీ టిఫిన్, రైలు ఎక్కేముందు ఇంకో పూట. ఐదు పూటలు, ఐదుగురు మనుషులు, పాతిక ప్లేట్లు. ప్లేటుకి 60 రూపాయలు ఎక్కువ పడితే 1,500. మా లాడ్జిలో నాన్ ఏసీ రూమ్ ఒకరోజు అద్దె కంటే ఎక్కువ. ఒక్క ప్లేటు మీద 60 మనకి చిన్న అంకె. పాతిక ప్లేట్లకి కట్టేవాడికి అది ఇంటికెళ్లే రైలు టికెట్లు.

కొండమీద ఈ భయం లేదు. 1985 ఏప్రిల్ 6న, ఎన్టీ రామారావు గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు మొదలైన నిత్యాన్నదానం రోజుకి రెండువేల మందితో మొదలై ఇవాళ ఎంతమందికి పెడుతోందో మీకు తెలుసు. 2011 నుంచి తరిగొండ వెంగమాంబ పేరు పెట్టుకున్న భవనంలో వడ్డిస్తున్నారు. అక్కడ ఏ తండ్రీ ఆకలిగా లేదని చెప్పడు. పక్కపక్కన కూర్చుని ఇంకొంచెం సాంబారు వేయమని అడుగుతాడు. అదే మనిషి కొండ దిగి మన హోటల్‌లోకి రాగానే గొంతు తగ్గిస్తాడు. మనల్ని ఉచితంగా పెట్టమని ఎవరూ అడగడం లేదు, నేనూ అడగను. మనది వ్యాపారం, జీతాలు ఇవ్వాలి. నాకిచ్చే జీతం కూడా అందులోంచే వస్తుంది.

కొందరు యజమానులు అన్న క్యాంటీన్ ఉంది కదా, అక్కడికి వెళ్లమనండి అంటారు. 2024 ఆగస్టు నుంచి మళ్లీ తెరిచారు, పూటకి ఐదు రూపాయలే. మంచి పని. కానీ అక్కడి ప్లేట్లు లెక్క ప్రకారం ఉంటాయి. రూమ్‌కి డబ్బు కట్టగలిగిన యాత్రికుల కుటుంబం వెళ్లి లైన్‌లో నిలబడితే, మూటలు మోసి వచ్చిన కూలీకి అయిపోయిందని చెప్పాల్సి వస్తుంది. ఐదు రూపాయల భోజనానికీ, ఏసీ హాల్‌లో 250 రూపాయల భోజనానికీ మధ్య మామూలు సంసారికి ఒక చోటు కావాలి. ఒకప్పుడు ఈ ఊళ్లో ఆ చోటు చాలా పెద్దది. చిన్న చిన్న టిఫిన్ హోటళ్లు, అరిటాకు మెస్సులు. ఇప్పుడు అద్దెలు పెరిగి ఒక్కొక్కటీ మూతబడుతున్నాయి. రూమ్‌లు ఉన్న మనం ఆ చోటు కొంచెమైనా నిలబెట్టాలి.

ఇక "ఒక మీల్స్ ఇద్దరు తినరాదు" అనే బోర్డు. అది ఎందుకు పెట్టారో నాకు తెలుసు. ఫుల్ మీల్స్ అంటే అన్నం, కూర ఎన్నిసార్లు అడిగినా వేయాలి. ఒక్క టోకెన్ మీద ఇద్దరు తింటే నష్టం. ఒప్పుకుంటాను. కానీ ఆరేళ్ల పిల్లాడు తినేది రెండు ముద్దలు, ఒక అప్పడం. అవ్వ తినేది కప్పు మజ్జిగన్నం. వాళ్లిద్దరికీ రెండు ఫుల్ మీల్స్ టోకెన్లు తీసుకోమనడం న్యాయమేనా? తల్లి తన ఆకులోంచి ఒక ముద్ద పిల్లాడి నోట్లో పెట్టబోతే సర్వర్ వచ్చి బోర్డు చూపించడం నేను కళ్లారా చూశాను. ఆ తల్లి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ సర్వర్‌ని తిట్టలేను, అతనికి చెప్పిన పని అతను చేశాడు. పిల్లలకీ, పెద్దవయసువాళ్లకీ సగం ధరకి చిన్న మీల్స్ పెట్టండి. ఒకసారే వడ్డించండి, తప్పేమీ లేదు. అలా పెట్టిన రోజు ఆ బోర్డు అవసరమే ఉండదు.

ధరలు తలుపు బయట రాసిపెట్టమని కూడా అడుగుతున్నాను, అన్ని పన్నులూ కలిపి. లోపల కూర్చున్నాక, నీళ్లు తాగాక, పిల్లలు మెనూలో బొమ్మలు చూశాక లేచి వెళ్లిపోవడం ఎంత కష్టమో నాకు ఇప్పుడు తెలుసు. నలుగురూ చూస్తున్నారనే టెన్షన్‌లో తినేస్తాం. ఏసీ హాల్‌కి ఒక రేటు, బయట హాల్‌కి ఒక రేటు ఉన్నచోట అది ఇంకా ముఖ్యం. ఏసీకి జీఎస్టీ ఎక్కువ కదా అని ఇప్పటికీ కొన్ని కౌంటర్లలో చెప్తున్నారు. 2017 నవంబర్ 15 నుంచి ఏసీ ఉన్నా లేకపోయినా మామూలు హోటళ్లకి ఐదు శాతమే. ఏసీకి కరెంటు ఖర్చు ఉంది కాబట్టి రేటు ఎక్కువ అని చెప్పండి, అది నిజం. పన్ను పేరు మాత్రం చెప్పవద్దు.

సర్వీస్ ఛార్జి సంగతి కూడా ఇంతే. బెంగళూరు దగ్గర 214 రూపాయలు కట్టేటప్పుడు అది తప్పనిసరి అనుకున్నాను. తిరిగి వచ్చాక తెలుసుకుంటే, బిల్లులో దాన్ని దానంతట అదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలోనే చెప్పిందట. దాన్ని సవాలు చేస్తే 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా ఆ మార్గదర్శకాలనే సమర్థించింది. ఇష్టమైతే ఇవ్వవచ్చు, లేకపోతే తీసేయమనవచ్చు, తీసేయకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయవచ్చు. మన ఊళ్లో ఎక్కువ హోటళ్లు ఇది వేయవు. కొత్తగా కట్టిన పెద్ద హోటళ్లలో కొన్నిటి బిల్లుల్లో కనిపిస్తోంది. అది మన ఊరికి అలవాటు కానివ్వకండి.

నీళ్ల బాటిల్ విషయంలో చట్టం మన పక్షానే ఉంది. హోటల్‌లో కూర్చోబెట్టి ఇచ్చే నీళ్ల బాటిల్‌ని అచ్చు వేసిన ధర కంటే ఎక్కువకి అమ్మవచ్చని 2017 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. అయినా అడుగుతున్నాను. రైల్వే స్టేషన్‌లో లీటరు రైల్ నీర్ 14 రూపాయలకి కొన్న మనిషి, రోడ్డు దాటి మన దగ్గర 40 కడితే అతనికేమనిపిస్తుంది? ప్రతి బల్ల మీద ఫిల్టర్ నీళ్ల జగ్గు పెట్టండి. బాటిల్ అడిగినవాళ్లకే ఇవ్వండి. అడగకుండా మూత తీసి పెట్టే పద్ధతి మానేద్దాం.

2025 సెప్టెంబర్ 22 నుంచి 7,500 రూపాయల లోపు రూమ్‌ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి ఐదుకి తగ్గింది. రెండువేల రూమ్‌కి 240 కట్టే మనిషి ఇప్పుడు 100 కడతాడు. అదే రోజు నుంచి నెయ్యి మీద కూడా 12 ఐదయింది. ఐదు శాతం జీఎస్టీ కట్టే హోటల్‌కి సరుకుల మీద కట్టిన పన్ను వెనక్కి రాదు కాబట్టి, నెయ్యి మీద తగ్గినదంతా నేరుగా మన ఖర్చులోనే తగ్గింది. ఇన్‌పుట్ క్రెడిట్ రావడం లేదన్న మీ బాధ నాకు తెలుసు, మా యజమాని నెలనెలా చెప్తూనే ఉంటారు. ఆ తగ్గినదాంట్లో కొంచెం పొంగల్ ప్లేటు మీద చూపించండి అని మాత్రమే అంటున్నాను.

ఇప్పుడు టైము సంగతి. దీని గురించి ఎవరూ మాట్లాడరు, కానీ పిల్లలున్న కుటుంబాలు ఎక్కువగా ఇబ్బంది పడేది దీంతోనే. దర్శనానికి రాత్రి రెండుకో మూడుకో బయల్దేరేవాళ్లుంటారు. దర్శనం అయి కిందికి వచ్చేసరికి అర్ధరాత్రి దాటేవాళ్లుంటారు. మా హోటల్ వంటిల్లు పదిన్నరకి కట్టేస్తారు. కౌంటర్‌లో ఉన్న నన్ను "అన్నా, పాలు ఏమైనా దొరుకుతాయా?" అని అడుగుతారు. చంకలో బిడ్డ ఏడుస్తుంటుంది. ఇన్నేళ్లూ బస్టాండు దగ్గర టీకొట్టు చూపించి పంపేవాణ్ణి. రాత్రి రెండింటికి, బిడ్డతో, తెలియని ఊళ్లో. దీనికి రాత్రంతా వంటిల్లు తెరవాల్సిన పనిలేదు. కౌంటర్ దగ్గర ఒక ఫ్లాస్కు పాలు, ఒక ఫ్లాస్కు వేడినీళ్లు, పెరుగన్నం డబ్బాలు ఓ పది. అంతే.

బయటి తిండి రూమ్‌లోకి తేకూడదనే నిబంధన పెట్టిన లాడ్జీలు కూడా ఉన్నాయి మన ఊళ్లో. పార్కు గేటు దగ్గర మా అమ్మ పులిహోర డబ్బా బయట పెట్టించినప్పుడు నాకు గుర్తొచ్చింది అదే. యాత్రకి వచ్చేవాళ్లు ఇంటినుంచి పులిహోర, చపాతీలు, పచ్చళ్లు తెచ్చుకోవడం ఇవాళ్టిది కాదు. సత్రాలున్న కాలం నుంచీ ఉంది. మంచం మీద తిని దుప్పట్లకి నూనె మరకలు చేస్తారు, చీమలు పడతాయి, మిగిలింది కమోడ్‌లో పోస్తారు. నిజమే, ఆ మరకల గురించి చాకలితో గొడవపడేది నేనే. దానికి విరుగుడు నిషేధం అని నాకనిపించడం లేదు. ప్రతి అంతస్తులో మెట్ల పక్కన ఒక చిన్న బల్ల, చెయ్యి కడుక్కునే సింకు, మూత ఉన్న చెత్తబుట్ట పెట్టండి. ఐదు స్టీలు ప్లేట్లు, రెండు గరిటెలు అడిగితే ఇవ్వండి. సందు చివర కర్రీ పాయింట్‌లో పప్పు, వేపుడు, సాంబారు పొట్లాలు తెచ్చుకుని, మన హోటల్‌లో అన్నం మాత్రం కొనుక్కుని ఐదుగురూ సుఖంగా తింటారు. యూనివర్సిటీ పిల్లలు రూమ్‌లలో ఉండి ఈ ఊళ్లో అలాగే బతుకుతున్నారు. ఆ అన్నం అమ్మిన డబ్బు కూడా మనకే వస్తుంది.

డ్రైవర్ల కమీషన్ గురించి రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. రాస్తున్నాను. కార్లో తెచ్చిన డ్రైవర్‌కి మనం భోజనం పెట్టడంలో తప్పులేదు, రాత్రంతా బండి నడిపి వస్తాడు, పెట్టాలి కూడా. కానీ బిల్లు మీద ఇంత అని చేతిలో పెడితే, ఆ ఇంత ఎవరి ప్లేటులోంచి వస్తోంది? కాణిపాకం, శ్రీకాళహస్తి ప్యాకేజీలో వచ్చిన కుటుంబాన్ని డ్రైవర్ ఎక్కడ ఆపితే అక్కడే తినాలి. వాళ్లకి ఇంకో హోటల్ ఉందని కూడా తెలియదు. ఒక్కరు మానేస్తే నష్టపోతారు, అందరూ కలిసి మానేస్తే ఎవరూ నష్టపోరు. ఇది మాత్రం మీరందరూ ఒకచోట కూర్చుని మాట్లాడుకోవాల్సిందే.

మీ ఖర్చులు నాకు తెలియనివి కావు. 19 కిలోల సిలిండర్ ఎన్ని రోజులు వస్తుందో, నూనె ధర పెరిగిన నెలలో మాస్టర్ పూరీల సైజు ఎలా తగ్గిస్తాడో చూశాను. సెలవుల్లో, బ్రహ్మోత్సవాల్లో వచ్చే ఆదాయంతోనే ఖాళీ నెలలు నెట్టుకురావాలి. అందుకే రద్దీ రోజుల్లో రేట్లు పెంచుతారు. రూమ్‌కి పెంచడం కొంతవరకు అర్థం చేసుకోగలను, రూమ్‌లు లెక్కకి అన్నే ఉంటాయి. ఇడ్లీకి ఎందుకు? రద్దీ ఉన్న రోజు రెండు వాయిలు ఎక్కువ వేస్తాం, ఎక్కువ అమ్ముతాం. ప్లేటుకి లాభం అంతే ఉన్నా గల్లా నిండుతుంది.

ఒకటి మాత్రం నేను కౌంటర్ నుంచి చూసిందే చెప్తున్నాను. తిండి అందుబాటులో ఉన్న కుటుంబం ఇంకో రోజు ఉంటుంది. దర్శనం అయ్యాక "ఇంక పదండి" అనేవాళ్లలో చాలామందికి పిల్లల్ని జూకి తీసుకెళ్లాలని, సైన్స్ సెంటర్ చూపించాలని, చంద్రగిరి కోటకి వెళ్లాలని ఉంటుంది. నన్ను దారి అడుగుతారు. తర్వాత పక్కకి వెళ్లి భార్యాభర్తలు మాట్లాడుకుంటారు, వచ్చి తాళం ఇచ్చేస్తారు. ఆ మాటలు నాకు వినబడతాయి. రూమ్ అద్దె గురించి కాదు వాళ్ల ఆలోచన. ఇంకో మూడు పూటల తిండి గురించి.

మా లాడ్జిలో ఏం చేశామో కూడా చెప్పాలి, లేకపోతే ఊరికే సలహాలిచ్చినట్టు ఉంటుంది. బెంగళూరు నుంచి వచ్చిన వారానికి మా యజమాని దగ్గరికి వెళ్లి, ఆ 2,472 బిల్లు, మెస్‌లో చీటీ మీద రాసిచ్చిన 420 బిల్లు రెండూ బల్ల మీద పెట్టాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండూ చదివారు. "అమ్మ ఆరోగ్యం ఇప్పుడెలా ఉంది?" అని అడిగారు ముందు. దసరా నుంచి మొదలుపెట్టాం. తాళంతో పాటు ఒక కాగితం ఇస్తున్నాం, మా హోటల్‌లో ఏది ఎంతో, పన్నుతో కలిపి, తెలుగులో, తమిళంలో, హిందీలో. పదేళ్లలోపు పిల్లలకి, అరవై దాటినవాళ్లకి చిన్న మీల్స్ సగం ధర. పొద్దున నాలుగింటికే పొంగల్, ఇడ్లీ, చెనిక్కాయల చట్నీ. వెలుతురు రాకముందే అలిపిరికి నడిచేవాళ్లు తిని వెళ్తున్నారు. కౌంటర్‌లో నా పక్కనే రెండు ఫ్లాస్కులు. మాంసాహారం మా దగ్గర లేదు, దర్శనం అయ్యాక మిలిటరీ హోటల్ అడిగేవాళ్లకి ధరలు బయట రాసిపెట్టిన రెండు హోటళ్ల దారి చెప్తున్నాను, వాళ్ల దగ్గర నేనేమీ తీసుకోను.

మొదటి నెల యజమాని గల్లా లెక్క చూసి ఏమీ అనలేదు. రెండో నెల చివర, చిన్న మీల్స్‌కి వేరే గిన్నెలు కొందామన్నారు.

అన్నీ బాగా జరగలేదు. పెరుగన్నం డబ్బాలు కొన్ని రాత్రులు మిగిలిపోయాయి, ఎండాకాలంలో పులిసిపోతాయని భయం. ఇప్పుడు ఆ రోజు చెక్ ఇన్ అయిన కుటుంబాల్ని బట్టి ఎన్ని చేయాలో వంటింటికి నేను చెప్తున్నాను. అరవై దాటాయని అబద్ధం చెప్పినవాళ్లు కూడా ఉన్నారు. అడిగినవాళ్లందరికీ ఇచ్చేయమన్నారు యజమాని.

మూడు వారాల కిందట విజయనగరం వైపు నుంచి ఒక కుటుంబం వచ్చింది. భార్యాభర్తలు, ఇద్దరు ఆడపిల్లలు, తాతగారు. పిల్లల తండ్రి కాగితం తీసుకుని అక్కడే నిలబడి, వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. ఎన్ని పూటలో, ఎంతవుతుందో. తర్వాత నన్నడిగి పెన్ను తీసుకుని, కాగితం వెనక కూడిక వేశాడు. పిల్లల్ని పిలిచి "పదండమ్మా, భోజనం చేద్దాం" అన్నాడు. ఐదుగురూ కూర్చున్నారు. ఐదు ఆకులు వేశారు.

వేసవి సెలవులు దగ్గరకొస్తున్నాయి. బడులు మూసిన మర్నాటి నుంచి మన మెట్ల మీద పిల్లల చెప్పుల చప్పుడు మొదలవుతుంది. ఆలోపు మీ హోటల్ తలుపు బయట ధరల బోర్డు ఒకటి, కౌంటర్‌లో ఒక ఫ్లాస్కు, పిల్లలకి చిన్న మీల్స్ పెట్టగలరేమో చూడండి. మా దగ్గర తాళంతో ఇచ్చే కాగితం నకలు కావాలంటే ఎవరినైనా పంపండి. రాత్రి డ్యూటీ నాదే, పది నుంచి పొద్దున ఆరు దాకా కౌంటర్‌లోనే ఉంటాను.

ఇట్లు,
బస్టాండు దగ్గర లాడ్జి కౌంటర్‌లో పనిచేసే మీ ఊరివాడు,
తిరుపతి